చెవి కొసన వేసిన పోగు

నా సర్వీసు రిజిస్టరు తిరగేస్తే ఒక్క మెమో కూడా కనపడదు. ముప్పై నాలుగేళ్ళు పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేసి మచ్చ లేకుండా బయటికొచ్చానని వీడ్కోలు సభలో పొగిడారు, శాలువా కప్పారు. నేను తల వంచుకుని కప్పించుకున్నాను. నిజానికి నాకు రావలసిన మెమో ఒకటి ఉంది. ఇవ్వాల్సిన వాళ్ళకు సంగతి తెలియలేదు కాబట్టి రాలేదు, అంతే. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. ఈనలేక పడిపోయిన గేదెను నిలబెట్టిన కథో, వరదలో పడవెక్కి టీకాలు వేసిన కథో చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీలాంటి కొత్తవాళ్ళకు ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు చెయ్యడానికి చదువు తక్కువై ఉండనక్కర్లేదు. కడుపులో కాస్త మంట ఉంటే చాలు. అది మీకూ ఉంటుంది.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క మండలం. ఊరికి తూర్పున రొయ్యల గుంటలు, వాటి అవతల కాలువ, కాలువ గట్టు పొడవునా ముళ్ళ కంప. పడమర అంతా వరి. జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, లేని వీధి లేదు. మా నెల్లూరు గొర్రెలకు చెవులు బాగా పొడుగు. దవడ దాటి కిందికి వేలాడుతుంటాయి. ఈ కథంతా ఆ చెవుల గురించే.

ఆసుపత్రిలో డాక్టరు వేరే, నేను అసిస్టెంటును. రైతులు నన్ను కాంపౌండరు అనేవాళ్ళు. కోపం వస్తే సూదులోడు అనేవాళ్ళు. ఒక్క మసీదు వీధిలోనే నేను డాక్టరును.

ఎట్లాగంటే, మా ఊరి మసీదు కమిటీ బక్రీదుకు కుర్బానీ ఇచ్చే ఇళ్ళన్నిటి తరఫునా పొట్టేళ్ళను ఒకేసారి తెప్పిస్తుంది. గల్ఫులో ఉన్నవాళ్ళు కూడా తమ పేరు మీద ఒకటి చూడమని కమిటీకే ఫోన్ చేస్తారు. కుర్బానీకి ఏ జీవం పడితే అది పనికిరాదు. వయసు నిండాలి. గుడ్డిదీ కుంటిదీ కాకూడదు. కొమ్ము మొదలంటా విరిగి ఉండకూడదు. చెవిలో మూడో వంతు పోయి ఉండకూడదు. దేవుడికిచ్చేది లోపం లేకుండా ఉండాలి గదా. ఈ చూపులన్నీ చూడటానికి నన్ను సంతకు తీసుకెళ్ళేవాళ్ళు. నేను పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూసి, కనురెప్ప లాగి, తల ఊపితే చాలు. "డాక్టర్ సాబ్ చూసినారు గదా, ఇంక మాటల్లేవు" అనేవాడు ముతవల్లి. మసీదు వ్యవహారాలు చూసే పెద్దాయనే ముతవల్లి. బజారులో ఆయనకు ఇనప సామాన్ల అంగడి. పండగ రోజు మసీదు వరండాలో, ఫ్యాను కింద, చేతులున్న కుర్చీ నాకు వేయించేవాడు. టీ గ్లాసు మొదట నా చేతికే వచ్చేది. నవ్వకండి. ఇంట్లో, ఆఫీసులో ఎక్కడా రాని మర్యాద ఒక చోట వస్తుంటే మనిషి దానికి అలవాటు పడిపోతాడు. నేను పదేళ్ళు అలవాటు పడ్డాను.

ఆ పదో ఏట నాకు బుద్ధి గడ్డి తిన్నది. సంతలో ఎండ మండిపోతోంది, ఇంటికి పోదామన్న తొందర. పొట్టేళ్ళను నిలబెట్టే చూశాను, నడిపించి చూడలేదు. పండగ పొద్దున ఒకటి కుంటుతూ బయటపడింది. నమాజు అయ్యేలోపు ఇంకోటి ఎక్కణ్ణించి తెస్తారు? అప్పుడు కాలువ గట్టున పాక వేసుకుని ఉండే గొర్రెల కాపరి ఒకడు కబురు తెలిసి, తన మందలోంచి ఒక పొట్టేలును భుజాన వేసుకుని తెచ్చి నిలబెట్టాడు. ఉదయగిరి వైపు మనిషి. వరి కోతలయ్యాక పొలాల్లో ఎరువు కోసం మంద కట్టడానికి అందరితోపాటు వచ్చి, ఒక ఏడు వెనక్కి పోకుండా ఇక్కడే ఉండిపోయాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. సంతకం రాదు.

ముతవల్లి అతని చెయ్యి పట్టుకుని "అన్నా, పండగ నిలబెట్టినావు" అన్నాడు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. టీ గ్లాసు మొదట అతని చేతికి పోయింది.

అక్కడితో మొదలు. మరుసటి ఏడు కమిటీ వాళ్ళు సంతకే పోలేదు. ఈ కాపరి వాళ్ళకొక మాట ఇచ్చాడు. మామూలుగా గొర్రెల వాళ్ళు తమ మందకు గుర్తుగా పిల్లప్పుడే చెవి కోస్తారు. ఒకడు కొస కోస్తే ఇంకొకడు పక్కన గాటు పెడతాడు. అందుకే సంతలో కుర్బానీకి పనికొచ్చే చెవి దొరకడం కష్టం. ఇతనేం చేశాడంటే, ఏటా మంచి మగపిల్లలను ముప్పైటిని ఏరి, వాటికి కత్తి తగలనీయకుండా మసీదు కోసం పెంచడం మొదలుపెట్టాడు. చెవి గుర్తు లేని పొట్టేలు వేరే మందలో కలిస్తే నాదని చెప్పుకునే దారి లేదు. అయినా ఒప్పుకున్నాడు. "పోతే నాది పోద్ది, మీ మొక్కు చెడకూడదు గదా సాబ్" అన్నాడట. ఈ మాట ముతవల్లి నాకు చెప్పి మురిసిపోయాడు. నాకు మురిసిపోవడానికేమీ కనపడలేదు.

రెండేళ్ళు నన్ను మర్యాదకు పిలిచారు. మూడో ఏడు పిలవడం మర్చిపోయారు. పని ఉన్నట్టు నేనే అటువైపు స్కూటర్ మీద పోయి చూశాను. వరండాలో కుర్చీ ఉంది. అందులో కూర్చోమని అందరూ బతిమాలుతుంటే కాపరి కింద గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది. కూర్చుంటే పొగరనుకోవచ్చు, తిట్టుకోవచ్చు. కూర్చోని వాణ్ణి ఏమని తిట్టాలి? నా కుర్చీ అతనికి అక్కర్లేదు కూడానా!

ఇంటికొచ్చి అన్నం దగ్గర విసుక్కుంటే మా ఆవిడ అంది, "ఏంది మీ బాధ? మసీదులో కుర్చీకి ఏమన్నా ఎలక్షన్ పెట్టినారా, మీరు ఓడిపోయినారా?" నేను కంచం ముందునుంచి లేచిపోయాను. లేచిపోతూ కూడా నాకు తెలుసు, ఆమె సరిగ్గా అక్కడే గుచ్చిందని.

అసూయ ఎట్లాంటిదో మీకు చెప్పాలి. ద్వేషమైతే ఆ మనిషి ఎదురుపడినప్పుడే గుర్తొస్తుంది. ఇది అట్లా కాదు. టీకా సీసా ఊపుతుంటే గుర్తొస్తుంది. అతని గొర్రె చూడి కట్టిందంటే కడుపు మండుతుంది. మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకసారి అతని మంద చూసొచ్చి, "మీరు ఇరవై ఏళ్ళుగా చెబుతున్న శుభ్రత అతనొక్కడే పాటిస్తున్నాడండీ" అంది. నన్నే మెచ్చుకున్నట్టు ఉన్న ఆ మాటలో నాకు అతని పేరొక్కటే వినపడింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, జీవాలన్నిటికీ చెవిపోగులు వెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పసుపుపచ్చ ప్లాస్టిక్ పోగు, దాని మీద నంబరు. జనం గొర్రెల ఆధార్ అని నవ్వుకున్నారు. బక్రీదుకు రెండు నెలలుంది. డాక్టరమ్మ పక్క ఊళ్ళకు పోతూ, కాలువ గట్టు నాకు అప్పజెప్పింది. "త్వరలో కోతకు పోయే వాటిని వదిలెయ్యండి, పోగులు వేస్టు" అని కూడా చెప్పింది. స్పష్టంగానే చెప్పింది.

నేను పోయేసరికి కాపరి మందను రెండుగా చేసి ఉంచాడు. ఒక పక్క మంద. ఇంకో పక్క, తడికెల వెనక, నున్నగా మెరుస్తూ ముప్పై పొట్టేళ్ళు. మంద మొత్తానికీ పోగులు వేశాను. మీకు నేర్పించినట్టే వేశాను. చెవి మధ్యలో, తల వైపుకు, రెండు నరాలకు నడుమ. వేసిన చోటల్లా మందు పూశాను. ఒక్క చుక్క రక్తం రాలేదు. అయిపోయాక తడికెల వైపు నడిచాను.

"సారూ, అవి మసీదుయి" అన్నాడు కాపరి, వెనకే వస్తూ. "రెండు నెల్లుంటే పండగ. పోయేటియే గదా, వాటికెందుకు పోగులు?"

"ఎందుకని పైవాళ్ళను అడుగు. రూలు రూలే."

"కంపల్లో తిరిగే జీవాలు సారూ. పోగు తగులుకుంటే చెవి చీలిపోద్ది. ఆ చెవి కోసరమే గదా నేను ఇంత పాటు పడతా ఉండేది."

"నాకు నేర్పిస్తావా?"

అతను తగ్గిపోయాడు. ఒక్కొక్క దాన్నీ తనే మోకాళ్ళ నడుమ పట్టుకుని నాకు చెవి అందించాడు. సరిగ్గా అప్పుడే దక్షిణాన శ్రీహరికోటలో రాకెట్ లేచింది. గట్టు మీద వాళ్ళంతా కేకలేస్తూ ఆకాశంకేసి చూశారు. రాకెట్ చూస్తూ చెయ్యి జారిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఒక చెవికైతే చెయ్యి జారుతుంది. ముప్పై చెవులకు ఎట్లా జారుతుంది? వేలాడే చెవి కొసన, అంచుకు వేలెడు ఎడం కూడా లేకుండా కొట్టుకుంటూ పోయాను. మందు సీసా సంచిలోనే ఉంది. తియ్యలేదు.

మూడు వారాల్లో అతను చెప్పినట్టే అయింది. కంప కొమ్మ పోగుకు తగులుకోవడం, పొట్టేలు విదిలించుకోవడం, కొస చీలిపోవడం. ఆరు పొట్టేళ్ళకు చీలింది. పుండు మీద ఈగలు వాలి పురుగు పట్టింది. వాటిని అతను ఆసుపత్రికి తోలుకొచ్చినప్పుడు నేను పురుగులు తీసి, కుళ్ళినంత మేర కత్తిరించి కట్టు కట్టాను. కట్టు మాత్రం చాలా శ్రద్ధగా కట్టాను. అతను నన్ను తప్పు పట్టలేదు. "కంప ఎక్కువున్న పక్కకి తోలినా సారూ, నాదే బుద్ధి తక్కువ" అన్నాడు. రోజు విడిచి రోజు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ చెప్పులు గుమ్మం బయటే విడిచి నమస్కారం పెట్టాడు.

పండగకు వారం ముందు మసీదు ఆవరణలో పొట్టేళ్ళను చూసుకుంటారు. ఏ ఇంటికి ఏది అని పేర్లు రాయడం ఆ తర్వాతే. ఆ రోజు పొద్దున్నే ముతవల్లి స్వయంగా మా ఇంటికి వచ్చాడు. "డాక్టర్ సాబ్, చెవుల దగ్గర చిక్కు వచ్చింది. మీరే వచ్చి తేల్చాలి. ఇమాం సాబ్ కూడా మీ మాటే అంటుండాడు" అన్నాడు. మూడేళ్ళుగా ఈ పిలుపు కోసం చెవులు కోసుకున్న మనిషిని నేను. వచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టు అరవలేక చొక్కా తొడుక్కున్నాను.

వరండాలో నా కుర్చీ. ఫ్యాను. మొదటి టీ గ్లాసు. ఎదురుగా ముప్పై పొట్టేళ్ళు, వాటి మధ్య కాపరి, గోడవతల పిల్లల గోల. మసీదులో నమాజు చేయించే ఇమాం సాబ్ పెద్దవాడు, మెల్లగా మాట్లాడతాడు. ఆయన నాకు తెల్ల దారం ఉండ ఇచ్చి పద్ధతి చెప్పాడు. బాగున్న చెవిని మొదలు నుంచి కొస దాకా దారంతో కొలవాలి. ఆ దారాన్ని మూడు మడతలు వెయ్యాలి. చెడిన చెవి రెండు మడతల కంటే పొడుగ్గా మిగిలి ఉంటే పనికొస్తుంది. లేకపోతే లేదు.

అయిదు పొట్టేళ్ళు గట్టెక్కాయి. ఆరోది అన్నిటికంటే పెద్దది, జోడిపి, అంటే తెల్లటి ఒళ్ళు, మూతికీ కళ్ళ చుట్టూ నల్లటి మచ్చలు. దాని చెవి చూడగానే నాకు తెలిసిపోయింది. ఎంత కత్తిరించానో కత్తిరించిన వాడికి తెలియదా! కాపరి వైపు చూశాను. రెండు చేతులతో దాని కొమ్ములు పట్టుకుని నేల చూస్తున్నాడు. ఇది పోతే అతను మసీదుకిచ్చిన మాట పోతుంది. ఎవరి మూలంగా పోతుందో ఈ ఆవరణలో నాకొక్కడికే తెలుసు. అందుకని దారాన్ని చెవి మొదలంటా పెట్టకుండా, వేలెడు కిందినుంచి పట్టి కొలిచాను. మూడు మడతలు వేశాను. చెడిన చెవి పక్కన పెట్టాను. ఒక పిసరు మిగిలింది.

"సరిపోయింది, పనికొస్తుంది" అన్నాను.

ముతవల్లి "అల్హందులిల్లా" అన్నాడు. అందరూ ఊపిరి వదిలారు.

"లేదు సారూ" అన్నాడు కాపరి. తల ఎత్తకుండానే అన్నాడు. "దారం మొదలంటా పెట్టలేదు. ఇంకోతూరి కొలవండి."

మళ్ళీ కొలిచాను. మొదలంటా పెట్టి కొలిచాను. రెండు మడతలకు చెవి అందలేదు.

"మేమెవరూ చూడలేదు గదా, నువ్వే ఎందుకు చెప్పినావన్నా?" అన్నాడు ముతవల్లి, బాధగా.

"ఎవురింటికో పోయేది గదా సాబ్. వాళ్ళ మొక్కు చెడితే నాకెందుకు ఆ ఉసురు" అని, ఆ పొట్టేలును అక్కడే గుంజకు కట్టేసి బయటికి పోయాడు.

గంటలో తిరిగొచ్చాడు. వెంట తెచ్చింది అతని విత్తనపు పొట్టేలు. మందలో గొర్రెలను చూడి కట్టించేది అదొక్కటే. దాన్నిచ్చేస్తే వచ్చే ఏడు పిల్లలకు వేరే దారి చూసుకోవాలి. వద్దని ఇద్దరు ముగ్గురు అన్నారు. "ముప్పై అని చెప్పినా, ముప్పై ఇస్తా" అన్నాడు. చిన్నప్పుడు ముచ్చటపడి దాని చెవి కూడా కొయ్యకుండా వదిలాడట. నా పోగు ఒక్కటే ఉంది, చెవి మధ్యలో, తల వైపుకు.

ఇమాం సాబ్ ఆ చెవిని అరచేతిలోకి తీసుకున్నాడు. "చూడండి, ఈ పోగు ఎంత చక్కగా కుదిరిందో. పుండు లేదు, చీలిక లేదు. దీనికి వేసిందెవరు?"

"ఈ సారే" అన్నాడు కాపరి.

"మరి వాటికి?"

"వాటికీ సారే."

అప్పుడు నాకేసి ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. మామూలుగా చూశాడు. ఇమాం సాబ్ చెవి వదిలేసి దారం ఉండ చుట్టుకున్నాడు. ముతవల్లి నా గ్లాసులో టీ చల్లారిపోయిందని ఇంకోటి తెప్పించాడు. నేను తాగాను. అందరి ముందూ చెప్పెయ్యాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. "ఎండ ఎక్కువైంది, వస్తాను" అని లేచాను. ముప్పై నాలుగేళ్ళలో నేను చేసిన అతి పెద్ద పిరికిపని అదే.

కాపరి ఆ చెవి కొస లేని పొట్టేలును తోలుకుని రొయ్యల గుంటల బాటన పోతుంటే స్కూటర్ ఆపాను. తోసుకుంటూ అతని పక్కనే నడిచాను. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఏసినప్పుడే తెలిసింది సారూ. మందంతా మధ్యన ఏసినారు. వాటికి కొసన ఏసినారు. చెవి పట్టుకునింది నేనే గదా."

"తెలిసీ ఊరుకున్నావా? డాక్టరమ్మకు ఒక్క మాట చెప్పుంటే నన్ను సస్పెండ్ చేసేవాళ్ళు."

అతని మంచితనం చూసి ఏడుపొస్తుందని సిద్ధపడి ఉన్నాను. క్షమించానంటాడని, పెద్ద మనసుతో ఏదో మాట అంటాడని. దానికీ అసూయపడటానికి సిద్ధంగానే ఉన్నాను, అబద్ధమెందుకు.

"చెప్పి?" అన్నాడు. "రేపు నా జీవాలకి రోగమొస్తే యాడికి పోయేది సారూ? డాక్టరమ్మ ఈ పొద్దు ఉంటది, రేపు బదిలీ అయిపోద్ది. సూది మీ చేతిలో ఉండాది. కొసన పోగు ఏసినోరు, కోపమొస్తే ఇంకేం ఏస్తారో అని నాకు బయం. పిల్లలు గలోణ్ణి. నమస్కారం పెట్టుకుంటా ఊరుకున్నా."

అని, పొట్టేలును అదిలించి నా కంటే ముందుకు పోయాడు. బాటన నేనూ స్కూటరూ మిగిలాం.

మూడేళ్ళు నేను ఎవరి మీద కుళ్ళుకుని నిద్ర పాడుచేసుకున్నానో, ఆ మనిషి నన్ను చూసి భయపడుతూ బతుకుతున్నాడు. అతని దగ్గర ఏదో ఉందని నేను ఏడిచాను. సూది నా చేతిలో ఉందన్న సంగతి నాకు గుర్తే లేదు. అతనికి ఒక్క రోజూ మరుపు రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా అతని మందకు పోగులూ టీకాలూ నేనే వేశాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేశాను. ప్రతి చెవి దగ్గరా అతను నిలబడి, వంగి, పోగు ఎక్కడ పడిందో చూసుకున్నాకే పక్క జీవాన్ని పట్టుకునేవాడు. నమస్కారం మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. నేను రిటైరైన మర్నాడు బజారులో ఎదురయ్యాడు, పెట్టలేదు. నా పక్కనుంచే బీడీ వెలిగించుకుంటూ పోయాడు. తప్పు పట్టడానికి నాకేం హక్కుంది?

నా స్థానంలో ఇప్పుడొక అమ్మాయి వచ్చింది. మీలాగే కొత్త పిల్ల, చెయ్యి ఇంకా కుదరలేదు, పోగు గన్ను పట్టుకుంటే వణుకుతుంది. మొన్న కాలువ గట్టు మీద నడకకు పోయినప్పుడు, ఆమె కాపరి మందకు పోగులు వేస్తుంటే చూశాను, జీవాలను అతని కొడుకు పట్టుకుంటున్నాడు. తడికెల వెనక మసీదు పొట్టేళ్ళున్నాయి. "వాటిని వదిలెయ్యమంటావా పెద్దాయనా?" అని అడుగుతోంది ఆ పిల్ల. కాపరి అక్కడ లేడు. దూరంగా పాక నీడలో పడుకుని, తలపాగా మొహం మీద వేసుకుని, "నీకు ఎట్ట తోస్తే అట్ట చెయ్యి తల్లీ" అంటున్నాడు.

లేచి చూడను కూడా లేదు. ఆ పిల్లను చూసి నాకు కడుపు మండిపోయింది.